పోయినవారి పేరున పరుగు
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నరసరావుపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శి గారు నన్ను పిలిచి, "డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, మీరు వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఫైలు మీద నోటు పెట్టమంటే పెడతాను గానీ ఉపన్యాసం నాకు అలవాటు లేదు. అందుచేత ఈ మధ్య మా ఇంట్లో జరిగిన ఒక సంగతి, దాని చుట్టూ నేను చదివి తెలుసుకున్న నాలుగు సంగతులు మీ ముందు పెడతాను. విషయం మారథాన్ పరుగు. నవ్వకండి. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి మోకాళ్ళ నొప్పులని నాకూ తెలుసు, ఆ సగంలో నేనూ ఉన్నాను.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇక్కడ నరసరావుపేటలో బయలుదేరి ఇంచుమించు గుంటూరు దాకా పరుగెత్తడం. బస్సులో కూర్చుని వెళ్ళడానికే విసుగు పుట్టే దూరం. ఈ పరుగుకు ఆ పేరు గ్రీసు దేశంలోని ఒక ఊరి వలన వచ్చింది. క్రీస్తు పూర్వం 490లో అక్కడ పర్షియా సైన్యాన్ని గ్రీకులు ఓడించారట, ఆ కబురు చెప్పడానికి ఒక వార్తాహరుడు ఏథెన్సు దాకా పరుగెత్తి, "గెలిచాం" అని చెప్పి ప్రాణం విడిచాడట. ఇది కథ. ఆ కాలానికి దగ్గరవాడైన చరిత్రకారుడు హెరొడోటస్ ఈ పరుగు సంగతి రాయలేదు, ఆ మనిషి స్పార్టాకు సాయం అడగడానికి పరుగెత్తాడని మాత్రమే రాశాడు. చచ్చిపోయిన కథ కొన్ని వందల ఏళ్ళ తరువాత వచ్చి చేరింది. అయినా లోకం ఆ కథనే పట్టుకుంది. 1896లో ఏథెన్సులో కొత్తగా ఒలింపిక్సు మొదలుపెట్టినప్పుడు ఆ వార్తాహరుడి జ్ఞాపకంగానే ఈ పరుగు పెట్టారు. అంటే మారథాన్ పుట్టడమే పోయిన మనిషి పేరున పుట్టింది. అప్పుడు దూరం 40 కిలోమీటర్లు మాత్రమే. 1908లో లండను ఒలింపిక్సులో విండ్సర్ కోట దగ్గర నుండి స్టేడియంలో రాజుగారి కుటుంబం కూర్చునే చోటు ముందు వరకు కొలిస్తే ఇప్పుడున్న లెక్క వచ్చింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. పై నుండి వచ్చిన కొలత ఒకసారి రికార్డులోకి ఎక్కితే మారదని మనకు కొత్తగా చెప్పక్కరలేదు.

1896లో గెలిచినవాడి పేరు స్పిరిడాన్ లూయిస్. ఆయన తండ్రి ఏథెన్సులో మంచినీళ్ళు అమ్ముకునేవాడు, కొడుకు ఆ నీళ్ళు ఊళ్ళోకి చేరవేసేవాడు. ఈ నీళ్ళ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, దానితో నాకు పని ఉంది.

ఒకరి పేరున, ఒకరి కోసం పరుగెత్తడాన్ని ఈ కాలంలో లోకానికి నేర్పినవాడు కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్. 1977లో క్యాన్సరు వలన కుడికాలు తీసేశారు. ఆసుపత్రిలో తనతో పాటు ఉన్న పిల్లల బాధ చూసి, 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలుతో దేశానికి తూర్పు కొసన పరుగు మొదలుపెట్టాడు. రోజుకు ఇంచుమించు ఒక మారథాన్ చొప్పున 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న ఊపిరితిత్తులకు జబ్బు పాకి ఆగిపోయాడు. 1981 జూన్‌లో చనిపోయాడు. ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ ఏడాది నుండే ఆయన పేరున పరుగులు మొదలయ్యాయి, చాలా దేశాల్లో ఇప్పటికీ జరుగుతున్నాయి.

మన వయసువాళ్ళకు అంతకన్నా దగ్గరవాడు ఫౌజాసింగ్. జలంధర్ దగ్గర బియాస్ పిండ్ అనే పల్లెటూరి రైతు. చిన్నప్పుడు ఐదేళ్ళు వచ్చేదాకా నడవలేకపోయాడట. 1992లో భార్య పోయింది. 1994లో ఒక కొడుకు కళ్ళ ముందే ప్రమాదంలో పోయాడు. ఆ ఊళ్ళో ఉండలేక ఇంగ్లండులో ఉన్న మరో కొడుకు దగ్గరకు వెళ్ళి, దిగులు పోగొట్టుకోవడానికి పరుగు పట్టాడు. 2000 సంవత్సరంలో లండను మారథాన్‌లో పరుగెత్తేనాటికి ఆయనకు ఎనభై తొమ్మిదేళ్ళు. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల కోసం పనిచేసే సంస్థకు ఆ పరుగులతో డబ్బు సేకరించి పెట్టాడు. 2011లో టొరంటోలో, పాస్‌పోర్టు లెక్క ప్రకారం నూరేళ్ళ వయసులో, ఎనిమిది గంటల పైచిలుకులో మారథాన్ పూర్తిచేశాడు. అయితే గిన్నిస్ రికార్డు వారు ఒప్పుకోలేదు. ఎందుకో తెలుసా? జనన ధృవీకరణ పత్రం లేదు. 1911లో పల్లెటూళ్ళో పుట్టినవాడికి ఆ కాగితం ఎక్కడ నుండి వస్తుంది? సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పే తేదీ ఒకటి ఉన్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఏటా మనం వేలిముద్ర వేసి "నేను బతికే ఉన్నాను" అని రుజువు చేసుకుంటాము. ఆ పెద్దమనిషి నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తి చూపించినా కాగితం కావాలన్నారు. 2025 జూలై 14న, తన ఊరి దగ్గరే రోడ్డు దాటుతుండగా కారు గుద్ది చనిపోయాడు. నూట పద్నాలుగేళ్ళని చెబుతారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజున నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఇవన్నీ దొరల దేశాల సంగతులనుకోవద్దు. పోయినవారిని కాళ్ళతో తలుచుకోవడం మన పల్నాడుకు పాత అలవాటే. ఏటా కార్తీక అమావాస్య నుండి ఐదు రోజులు కారంపూడిలో వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పన్నెండో శతాబ్దంలో అక్కడ పడిపోయిన వీరుల పేరున, వీరాచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ళ నుండో ఆయుధాలు మోసుకుని వస్తారు, నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి చేరుస్తారు. వాళ్ళ తాతలూ అలాగే వచ్చారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. భుజాన ఆయుధం, కాలికింద దారి, నోట వీరుడి పేరు. నేను కారంపూడి వైపు సెక్షన్‌లో పనిచేసిన రోజుల్లో తెల్లవారుజామున ఆ డప్పుల చప్పుడుకు లేచి వరండాలో నిలబడి చూసేవాణ్ణి. ఎనిమిది వందల ఏళ్ళ నాడు పోయినవాడి కోసం ఇవాళ ఒక రైతు పత్తి తీత మానుకుని వస్తున్నాడంటే అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా ఆవిడ 2022 నవంబరులో పోయింది. పక్షవాతం. పొద్దున పాలు పొంగించి దించింది, గిన్నె దించిన చెయ్యి మళ్ళీ లేవలేదు. మూడో రోజు పోయింది. అంతకు రెండేళ్ళ ముందే బీపీ ఉందని మాత్రలు రాసిచ్చారు. ఆరు నెలలు వేసుకుంది. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఎవరో పక్కింటావిడ "ఒకసారి మొదలుపెడితే జన్మంతా మింగాలంట" అన్నదట, ఎవరికీ చెప్పకుండా మానేసింది. డబ్బా నిండుగా అలమరలో చీరల వెనక దొరికింది, పెద్దకర్మ అయిన తరువాత.

మాకు ఒక్కతే అమ్మాయి. హైదరాబాదులో లెక్చరరు. మగపిల్లలు లేరు గనుక కర్మకాండ మా తమ్ముడి కొడుకు చేశాడు, తద్దినమూ అతనే పెడుతున్నాడు. మంచి పిల్లవాడు, శ్రద్ధగా చేస్తాడు, అతన్ని అనడానికి ఏమీ లేదు. కానీ సంవత్సరీకం నాడు మా అమ్మాయి తెల్లవారి మూడింటికి లేచి తడిబట్టతో వంట మొత్తం చేసి, పిండాల దగ్గరకు వచ్చేసరికి గుమ్మం అవతల నిలబడింది. నేను పీట మీద కూర్చుని దాని మొహం చూశాను. ఆ రాత్రి, "నాన్నా, అమ్మ కోసం నేను చేసే పని ఏదైనా ఉందా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. అదే రెండు నెలల తరువాత ఫోను చేసి చెప్పింది, "అమ్మ పేరున హైదరాబాదు మారథాన్ పరుగెత్తుతాను" అని. అప్పటికి దానికి నలభై నాలుగేళ్ళు. కాలేజీలో కూడా పరుగు పందెంలో పాల్గొన్న పిల్ల కాదు.

మా అక్కయ్యకు ఎనభై రెండేళ్ళు, గురజాలలో ఉంటుంది. ఆమెకు కబురు తెలిసి నన్ను పిలిపించింది. "ఏందిరా ఇది? ఆడపిల్ల లాగు తొడుక్కుని రోడ్డు మీద పరుగెత్తితే పోయినామెకి అందుద్దంటరా? నలుగురూ నవ్వుతారు. దానమిమ్మను, అన్నం పెట్టమను, అయ్యి చాలవా?" అన్నది. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. అన్నం పెట్టడం కన్నా గొప్ప జ్ఞాపకం నాకూ తెలియదు. మా పురోహితుల వారిని అడిగితే ఆయన నవ్వి, "శాస్త్రంలో వద్దని లేదండీ, చెయ్యమనీ లేదు" అన్నారు. రూల్సులో లేని పనికి రూలు అడ్డం రాదని నా సర్వీసు అనుభవం. ఫైలు ఆమోదించేశాను.

అయితే అమ్మాయి పరుగే ఎందుకు పట్టుకున్నదో నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. అడిగితే, "అమ్మ నీళ్ళు మోసేది కదా నాన్నా" అన్నది. 1981 నుండి పదకొండేళ్ళు మేము ఒక సెక్షన్ క్వార్టర్లలో ఉన్నాము. ఊరి పేరు చెప్పను. కాలువకు ఫర్లాంగు దూరం. కాలువ నిండా నీళ్ళు పోతుంటాయి, తాగడానికి పనికిరావు. ఎండాకాలం అవీ ఉండవు. ఊళ్ళో బోరు నీళ్ళు తాగితే పళ్ళు గార పట్టేవి. మంచినీళ్ళ బావి అర కిలోమీటరు అవతల. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం ఒకటి, మొత్తం మూడు తిరుగుళ్ళు. అమ్మాయి చిన్నప్పుడు చెంబు పట్టుకుని వాళ్ళమ్మ వెనక వెళ్ళేది.

నేను గుమాస్తాను గనుక కాగితం తీసి లెక్క కట్టాను. పోనూ రానూ కిలోమీటరు, మూడు తిరుగుళ్ళకు రోజుకు మూడు. ఆదివారాలు నేను సైకిలు కారియరుకు బిందె కట్టి తెచ్చేవాణ్ణి, అవి తీసేశాను. పండగలకు పుట్టింటికి వెళ్ళిన రోజులూ, జ్వరాలూ తీసేశాను. ఏడాదికి మూడు వందల రోజులు వేసుకున్నాను. పదకొండేళ్ళకు 9,900 కిలోమీటర్లు. 42.195తో భాగిస్తే 234 మారథాన్లు, పైన ఇంకొంత. అందులో సగం దూరం చంకన నిండు బిందెతో, కాలికి చెప్పులు లేకుండా. ఏథెన్సులో నీళ్ళు మోసినవాడు ఒక్కసారి పరుగెత్తితే కప్పు ఇచ్చారు.

లెక్క చదివి వినిపిస్తే మా అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆమె కూడా గురజాలలో చెరువు నీళ్ళు మోసిన మనిషే.

అమ్మాయి నెలల తరబడి సాధన చేసింది. ముందు నడక, తరువాత నిమిషం పరుగు రెండు నిమిషాలు నడక, అలా. మధ్యలో మోకాలు వాచి నెల రోజులు ఆగింది. పరుగుకు ముందు తెలిసినవాళ్ళకందరికీ ఒక ఉత్తరం ముక్క పంపింది: "మా అమ్మ పేరున పరుగెత్తుతున్నాను. నాకు డబ్బు వద్దు. మీ అమ్మగారికి, నాన్నగారికి బీపీ చూపించి, ఎంత ఉందో నాకు రాయండి." చాలామంది రాశారు. వారిలో కొందరికి బీపీ ఉన్నదని అప్పుడే తెలిసింది. నాకు ఈ పని అంతా చూసి నచ్చింది ఆ ఉత్తరమే. ఎందుకంటే ఈ రోజుల్లో జ్ఞాపకార్థం పరుగులు చాలా జరుగుతున్నాయి, కొన్నిటిలో బనియను మీద కంపెనీ పేరు జానెడు, పోయినవారి పేరు బెత్తెడు కూడా ఉండదు. ఫొటో తీయించుకుని రెండు వందల గజాలు నడిచి టిఫిను తిని వెళ్ళిపోయే పరుగులు కూడా చూశాను. వాటిని నేను తప్పు పట్టను గానీ లెక్కలోకి తీసుకోను.

2024 ఆగస్టు ఆఖరి ఆదివారం పరుగు. ముందురోజు శనివారం హైటెక్స్‌లో మామూలు జనానికి ఐదు కిలోమీటర్లది పెడతారు. దానికి నా పేరు కూడా ఇచ్చింది అమ్మాయి. నాకు అప్పుడు డెబ్భై మూడు. ముందుగా డాక్టరు గారు ఈసీజీ తీసి, "నడవండి, పరుగెత్తొద్దు" అన్నారు. నడిచాను. చివర వంద గజాలు మాత్రం చుట్టూ పిల్లలు పరుగెత్తుతుంటే కాళ్ళు ఆగలేదు, ఆ సంగతి డాక్టరు గారికి చెప్పకండి. మెడలో పతకం వేశారు. అందరికీ వేస్తారులెండి. అయినా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో రానిది యాభై రెండు నిమిషాల్లో వచ్చింది.

మర్నాడు అమ్మాయి పరుగు నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చీకటితో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. హైదరాబాదు అంతా ఎత్తుపల్లాలు, దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. నేనూ, అల్లుడు గారూ స్టేడియం దగ్గర కూర్చున్నాము. ఎండ ఎక్కుతోంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, మా పిల్ల రాదు. ఒక దశలో, ఎందుకు ఒప్పుకున్నానా, తల్లి పోయింది చాలదా అని గుండె దడదడలాడింది. ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు వచ్చింది. కుంటుతూ వచ్చింది, పరుగని చెప్పడానికి లేదు. వీపున వాళ్ళమ్మ పేరు రాసిన కాగితం చెమటకు తడిసి సగం చెదిరిపోయింది.

కూర్చోబెట్టి ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చాము. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "అమ్మ గుర్తుకొచ్చిందా?" అని అడిగాను, అడగకూడదేమో గానీ అడిగాను. "మొదటి సగం గుర్తుకొచ్చింది నాన్నా. ముప్పై ఐదు దాటిన తరువాత ఎవరూ గుర్తు లేరు, ఇంకెంత దూరం ఉందన్నదొక్కటే గుర్తుంది. అమ్మకి కూడా నీళ్ళు మోసేటప్పుడు అంతేనేమో" అన్నది. నేను నలభై ఏళ్ళు ఆ మనిషితో కాపురం చేశాను. బావి దగ్గర నుండి వచ్చేటప్పుడు ఆమె ఏమనుకునేదో నాకు ఎన్నడూ తోచని మాట అది.

సాయంత్రం అక్కయ్య ఫోను చేసింది. పరుగు మాట ఎత్తలేదు. "దానికి కాళ్ళు వాచినయ్యా? వేన్నీళ్ళల్లో ఉప్పేసి పెట్టుకోమను" అన్నది. ఆ సంవత్సరం తద్దినానికి గురజాల నుండి తనే వచ్చి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పిండాలకు నువ్వులు దాని చేత అందించింది. మా తమ్ముడి కొడుకు అందుకున్నాడు. పురోహితుల వారు చూసీ చూడనట్లు మంత్రం చెప్పుకుపోయారు.

ఇక ఆరోగ్యం గురించి రెండు మాటలు. నా మాట విని ఎవరూ రేపే పరుగు మొదలుపెట్టొద్దు. అరవై దాటినవాళ్ళు బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోకుండా వేగంగా నడవడం కూడా మంచిది కాదు. ఛాతీలో బరువు, ఎడమ చేతి లాగుడు, ఊపిరి అందకపోవడం ఉంటే వెంటనే ఆగాలి, "ఇంకొంచెమే కదా" అనుకోకూడదు. చాలాసేపు నడిచేవాళ్ళు అదేపనిగా ఉత్త నీళ్ళే తాగినా ప్రమాదమేనట, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుందట. మజ్జిగ తాగవచ్చు, అయితే బీపీ ఉన్నవాళ్ళు అందులో ఎంత ఉప్పు వేసుకోవాలో డాక్టరును అడిగి వేసుకోండి. మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు బాగుంది కదా అని మానవద్దు. బాగుండటం ఆ మాత్రల వల్లనే. ఈ ఒక్క మాట కోసం నేను ఇంత దూరం వచ్చి మాట్లాడుతున్నానని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

చివరగా ఒక ప్రతిపాదన. డి.ఎస్. నకారా గారి కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు వల్ల, పెన్షను దయాభిక్ష కాదు, హక్కు అని తేలింది. అందుకే ఇవాళ ఈ పండుగ. ఏటా ఈ సభలో, ఆ సంవత్సరం పోయిన మన సభ్యుల పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నాము. ఈ ఏడాది పదకొండు పేర్లు చదివారు. అందులో ఇద్దరు నా పక్క సీట్లలో పనిచేసినవారు. రెండు నిమిషాలు అయ్యీ కాకుండానే వెనక కుర్చీలు కదులుతాయి, టీలు వస్తాయి. ఎవరినీ అనడం లేదు, నిలబడటం కష్టం.

పుల్లరి కట్టమని ఎదురు నిలిచిన మన కన్నెగంటి హనుమంతు గారు తుపాకీ గుళ్ళకు నేలకొరిగింది 1922 ఫిబ్రవరి 22న. వచ్చే ఫిబ్రవరి 22నే పెట్టుకుందాము. ఆ రోజు పొద్దున ఆరు గంటలకు స్టేడియం గేటు దగ్గర కలుద్దాము. పోయినవారి పేరు ఒక్కొక్కటి ఒక్కో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాను, ఆ ఖర్చు నాది. ఎవరితో స్నేహం ఉన్నవాళ్ళు వారి పేరు పట్టుకుని, ఎవరి ఓపిక కొద్దీ వారు, మూడు కిలోమీటర్లు నడుద్దాము. నడవలేనివారికి గేటు దగ్గర కుర్చీలు వేయిస్తామని కార్యదర్శి గారు మాట ఇచ్చారు. పోయినవారి కుటుంబాల వాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు వస్తే సంతోషం. తిరిగి వచ్చిన చోట బీపీ మిషను ఉంటుంది, మా అమ్మాయి కూర్చుని చూస్తుంది. పేర్లు ఇచ్చేవారు బయటకు వెళ్ళేటప్పుడు కోశాధికారి గారి బల్ల మీద ఉన్న పుస్తకంలో రాయండి. హవాయి చెప్పులతో రావద్దు, జారతాయి.